కరువు అందరిదీ, భత్యం కొందరిదీ

2025 అక్టోబరులో, దీపావళికి రెండు రోజుల ముందు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగులకి ఒక విడత కరువు భత్యం ప్రకటించింది. అది 2024 జనవరి నుంచి రావలసిన విడత. మూల వేతనం మీద 33.67 శాతంగా ఉన్న డి.ఎ. దానితో 37.31 శాతం అయింది. దాదాపు రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన ఈ 3.64 శాతం మీద పత్రికల్లో చాలా చర్చ నడిచింది. బకాయిలు ఎప్పుడు ఇస్తారు, అప్పటికే పడి ఉన్న మరో మూడు విడతల సంగతేమిటి అని ఉద్యోగ సంఘాలు నిలదీశాయి. నిలదీయవలసిందే. అందులో మనకి భిన్నాభిప్రాయం లేదు.

అయితే ఆ చర్చలో అడగవలసిన ప్రశ్నలు మరో మూడు ఉన్నాయి. ధరలు ఎవరి ఇంట్లో కొలుస్తున్నారు? దూరం ఎవరి కాళ్లతో కొలుస్తున్నారు? ప్రభుత్వం పనే చేస్తూ కూడా ధరల పెరుగుదల లెక్కలోకి రాని వాళ్లెవరు? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు వెతుక్కుంటూ పోతే చివరికి మనం ఆడవాళ్ల దగ్గరికే చేరతాం. అందుకే జీతభత్యాల గొడవ ఉద్యోగ సంఘాలది, మనది కాదు అని ఊరుకోవడానికి లేదు.

కరువు భత్యం ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమతి కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు జీతం రూపాయిల్లో అంతే ఉన్నా దాంతో కొనగలిగింది తగ్గిపోయింది. ఆ తగ్గిన మేరకు పూడ్చాలన్న కార్మికుల పోరాటాల్లోంచి ఈ సూత్రం స్థిరపడింది. కాబట్టి డి.ఎ. అంటే జీతం పెరగడం కాదు, జీతం తరగకుండా ఆపడం. ఈ తేడా మనం గట్టిగా పట్టుకోవాలి. డి.ఎ. ఆపేసిన ప్రభుత్వం ఏమీ ఇవ్వకుండా ఊరుకోవడం లేదు, ఇచ్చిన దాంట్లోంచి నెలనెలా కొంత వెనక్కి తీసుకుంటోంది.

లెక్క కట్టే పద్ధతి ఇదీ. కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న లేబర్ బ్యూరో ప్రతి నెలా పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ తయారు చేస్తుంది. 2020 సెప్టెంబరు నుంచి దీనికి 2016 సంవత్సరమే ఆధారం. దేశం మొత్తం మీద 88 పారిశ్రామిక కేంద్రాల్లో ధరలు సేకరిస్తారు. ఈ సూచీ పన్నెండు నెలల సగటు ఎంత పెరిగిందో చూసి ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుంచి ఒకటి, జులై 1 నుంచి ఒకటి, కేంద్రం తన ఉద్యోగులకి డి.ఎ. ఇస్తుంది. కేంద్రం ఒక శాతం పెంచితే మన రాష్ట్రం 2022 వేతన సవరణ ప్రకారం 0.91 శాతం పెంచాలి. కేంద్రంలో 4 శాతం అయితే ఇక్కడ 3.64 అవుతుంది.

ఈ లెక్క ఎంత యాంత్రికంగా కనిపించినా దీనికి రాజకీయం అంటుకునే ఉంటుంది. కోవిడ్ పేరుతో 2020 జనవరి, 2020 జులై, 2021 జనవరి విడతలు మూడూ కేంద్రం స్తంభింపజేసింది. 2021 జులై నుంచి రేటు సరిచేసింది గానీ మధ్య కాలపు బకాయి ఇవ్వలేదు. అదే 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం మార్చి, ఏప్రిల్ జీతాల్లోనూ పెన్షన్లలోనూ కొంత భాగం వాయిదా వేసింది. దాని మీద హైకోర్టుకి వెళ్లింది ఒక స్త్రీ, రిటైరైన జిల్లా జడ్జి దినవాహి లక్ష్మీ కామేశ్వరి. హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోయింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, జీతం, పెన్షన్ ఉద్యోగుల హక్కు అన్న మూల విషయాన్ని నిలబెట్టింది. ఆలస్యానికి కూడా ధర కట్టాలన్న ఈ తీర్పు అందరికీ పనికొచ్చే ఆయుధం.

ఇప్పుడు ధరల దగ్గర్నుంచి దూరం దగ్గరికి వద్దాం. పాత తూర్పు గోదావరి జిల్లాలో రెండు గంగవరాలు ఉండేవి. ఒకటి రంపచోడవరం ఏజెన్సీలో, కొండల మధ్య. రెండోది కె.గంగవరం, గౌతమి ఒడ్డున, డెల్టాలో. మొదటి గంగవరం షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి ప్రభుత్వం దృష్టిలో దుర్గమ ప్రాంతం. అలాంటి చోట పనిచేసే ఉద్యోగులకి జీతంతో పాటు ప్రత్యేక పరిహార భత్యం ఇచ్చే పద్ధతి చాలా కాలంగా ఉంది. రెండో గంగవరం పచ్చటి వరి చేలు, కొబ్బరి తోటలు, కాలువలు ఉన్న ఊరు. దాన్ని మారుమూల అంటే ఎవరైనా నవ్వుతారు. కాగితం మీద ఆ నవ్వు సమంజసమే.

అయితే కె.గంగవరం మండలంలో ఉద్యోగం చేసే ఒక స్త్రీ వైపు నుంచి చూడండి. 2022 ఏప్రిల్ దాకా ఈ మండలానికి జిల్లా కేంద్రం కాకినాడ. గౌతమికి ఇవతలే, ఏరు దాటకుండా బస్సులో పోవచ్చు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మండలం కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. జిల్లా కేంద్రం అమలాపురం గౌతమికి అవతల ఉంది. ఈ మండలంలోని కోటిపల్లి రేవు నుంచి అవతలి ముక్తేశ్వరానికి పంటు మీద దాటాలి. లేదా యానాం, ఎదుర్లంక వంతెన మీదుగానో, రావులపాలెం మీదుగానో చుట్టూ తిరిగి పోవాలి. గోదావరి పోటెత్తితే పంటు ఆగిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన వరద రోజులు లంక గ్రామాల వాళ్లకి ఇంకా గుర్తే. కోటిపల్లి నుంచి నర్సాపురానికి రైలు మార్గం పనులు మంజూరై రెండు దశాబ్దాలు దాటింది.

జిల్లా కేంద్రం మారినప్పుడు పటం మీద గీత జరిగింది. ఆ గీత వల్ల ఒక ఏఎన్ఎమ్‌కో, అంగన్‌వాడీ సూపర్‌వైజరుకో, సచివాలయం ఉద్యోగినికో సమావేశానికి పోయి రావడానికి ఎంత సమయం, ఎన్ని ఆటోలు, ఎన్ని టిక్కెట్లు పడతాయన్న లెక్క ఏ భత్యంలోకీ ఎక్కలేదు. ఆమె సాయంత్రం ఆరు తర్వాత తిరిగి వస్తే రేవులోనూ ఏటిగట్టు మీదా దీపాలు ఉన్నాయా లేవా అన్నది కూడా ఖర్చే. దీపాలు లేకపోతే షేర్ ఆటో బదులు ఒక్కర్తే ఆటో మాట్లాడుకోవాలి, లేదా ఇంట్లో మగవాళ్లని బండి మీద రమ్మని పిలవాలి. మగ ఉద్యోగికి దూరం కిలోమీటర్లలో ఉంటుంది. ఆడ ఉద్యోగికి దూరం గంటల్లో, చీకట్లో, ఎవరి తోడు దొరుకుతుందన్న దాంట్లో ఉంటుంది.

ఇంటి అద్దె భత్యం సంగతి చూస్తే ఈ చూపు ఎంత ఇరుకైనదో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని ఊరి జనాభాని బట్టి నిర్ణయిస్తారు. 2022 జనవరిలో వచ్చిన ఉత్తర్వుల్లో చిన్న ఊళ్లకి 8 శాతానికి దించారు. ఫిబ్రవరి 3న వేలాది ఉద్యోగులు 'చలో విజయవాడ' చేశాక యాభై వేల లోపు జనాభా ఉన్న చోట్ల 10 శాతం అన్నారు. పెద్ద నగరానికి ఎక్కువ, పల్లెకి తక్కువ. దీని వెనక ఉన్న ఊహ ఏమిటి? ఉద్యోగి పనిచేసే ఊళ్లోనే కాపురం ఉంటాడు, అతనితో పాటు భార్యాపిల్లలు ఉంటారు, పల్లెలో అద్దె చౌక కాబట్టి సరిపోతుంది. పెళ్లయిన స్త్రీ ఉద్యోగం ఈ ఊహలో ఇమడదు. ఆమె బదిలీ అయితే కుటుంబం ఆమె వెంట కదలదు. భర్త పని, పిల్లల బడి, అత్తమామల వైద్యం ఎక్కడున్నాయో అక్కడే కాపురం ఉంటుంది. ఆమె రోజూ తిరుగుతుంది, లేదా రెండు చోట్ల ఇల్లు నడుపుతుంది. రెండిళ్ల ఖర్చుకి పల్లె రేటు భత్యం ఇస్తారు.

ఇదే గౌతమి ఒడ్డున, కొంచెం దిగువన యానాం ఉంది. భాష ఒకటే, చేపల మార్కెట్టు ఒకటే, గ్యాస్ బండ ధరలో పెద్ద తేడా ఉండదు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కనుక అక్కడి ప్రభుత్వ ఉద్యోగులకి కేంద్రం డి.ఎ. రేట్లు వర్తిస్తాయి. 2025 అక్టోబరులో కేంద్రం అదే సంవత్సరం జులై విడత ప్రకటించింది. అదే నెలలో మన రాష్ట్రం ఇచ్చింది 2024 జనవరి విడత. ఒకే బజారులో ఉల్లిపాయలు బేరమాడే ఇద్దరు టీచర్లలో ఒకామె జీతం ఆ ఏడాది ధరలకి, ఇంకొకామె జీతం రెండేళ్ల ముందటి ధరలకి సరిచూసినట్టయింది. ధరలకి సరిహద్దు లేదు, భత్యానికి ఉంది.

డెల్టా ఎక్కడన్నా దుర్గమ ప్రాంతం అవుతుందా అని అడిగే వాళ్లకి జవాబు కేంద్ర ప్రభుత్వం నిబంధనల్లోనే దొరుకుతుంది. బెంగాల్‌లోని సుందరబన్స్‌లో పనిచేసే కేంద్ర ఉద్యోగులకి 'సుందరబన్ భత్యం' ఉండేది. ఏడవ వేతన సంఘం దాన్ని గిరిజన ప్రాంత భత్యం వంటి వాటితో కలిపి దుర్గమ ప్రదేశాల భత్యంగా మార్చింది. అంటే కొండ ఎక్కడమే కష్టం కాదు, ఏరు దాటడమూ కష్టమేనని ప్రభుత్వం ఒకచోట ఒప్పుకుంది. గోదావరి లంకలకి అది ఎందుకు వర్తించదు? కె.గంగవరాన్నంతా మారుమూల అని ప్రకటించమని మనం అడగడం లేదు. మండలం మొత్తాన్ని ఒక రంగు వేసి చూసే పద్ధతి మానమంటున్నాం. ఏ పోస్టులో ఉన్న మనిషి రేవు దాటాలి, ఏ పోస్టులో ఉన్న మనిషి వరద రోజుల్లో పడవెక్కి లంకలోకి వెళ్లాలి అని పోస్టు పోస్టుకీ చూడమంటున్నాం.

ఏజెన్సీ గంగవరం వైపు కూడా ఒకసారి చూద్దాం. అక్కడ పరిహార భత్యం ఉంది కదా, సమస్య తీరిందా? ఆ భత్యం వెనక ఉన్న ఊహ కూడా ఒక మైదాన ప్రాంతపు ఉద్యోగిదే. కింద నుంచి పైకి పంపినందుకు పరిహారం. అక్కడే పుట్టి పెరిగిన గిరిజన స్త్రీ అంగన్‌వాడీ కార్యకర్తగానో ఆశా కార్యకర్తగానో పనిచేస్తే ఆమెకి ఆ పరిహారం లేదు. కొండ మీద గూడేనికి బాలింతను చూడటానికి నడిచేది ఆమె. సంతలో ఉప్పూ నూనే రవాణా ఖర్చు కలుపుకుని ఎక్కువ ధరకి కొనేదీ ఆమే. స్థానికురాలు కాబట్టి ఆమెకి దూరం లేదన్నట్టు, అలవాటైన కష్టం కష్టం కాదన్నట్టు లెక్క. ఇంటి పనిలో మనం ఎప్పుడూ వినే మాటే ఇది.

ఇక్కడికి వచ్చేసరికి మూడో ప్రశ్న ఎదురవుతుంది. రెండు గంగవరాల్లోనూ, రాష్ట్రంలో ప్రతి ఊళ్లోనూ ప్రభుత్వం పని చేస్తూ కరువు భత్యం అన్న మాటకే నోచుకోని వాళ్లు ఉన్నారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, మధ్యాహ్న భోజనం వండే వాళ్లు. దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లలో దళిత, గిరిజన, వెనకబడిన కులాల స్త్రీలు, ఒంటరి స్త్రీలు ఎంతమందో మీలో క్షేత్రంలో పనిచేసే వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లకి ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. జీతం కానప్పుడు దాని మీద భత్యం ఉండదు. పేరు మార్చితే చాలు, ధరల పెరుగుదల వాళ్ల గుమ్మం దగ్గర ఆగిపోతుందని ప్రభుత్వం నమ్మకం కాబోలు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్త గౌరవ వేతనం 2019 జులై నుంచి నెలకి 11,500 రూపాయిలు, ఆయాకి 7,000. అప్పటికి, ఇప్పటి వేతన స్కేళ్ల లెక్కలో, రాష్ట్ర ఉద్యోగుల డి.ఎ. 7.28 శాతం. 2024 జనవరి నాటికి అది 37.31 శాతం. అంటే ధరల పెరుగుదలకి సరిగ్గా సరిపడా, ఒక్క పైసా నిజమైన పెంపు లేకుండా, జీతం సుమారు 28 శాతం పెరగాలని ప్రభుత్వం తన సొంత ఉద్యోగుల విషయంలో ఒప్పుకుంది. అదే కొలతతో కొలిస్తే 2024 జనవరిలో అంగన్‌వాడీ కార్యకర్తకి సుమారు 14,700, ఆయాకి సుమారు 8,960 రూపాయిలు రావాలి. వాళ్లకి అందింది ఆ 11,500, ఆ 7,000. ఎవరూ ఏ ఉత్తర్వూ ఇవ్వకుండానే, ఎవరూ కోత అనే మాట వాడకుండానే, కార్యకర్త నుంచి నెలకి 3,200 రూపాయిలు కోసుకున్నట్టే కదా!

కేంద్రం వాటా సంగతి ఇంకా అన్యాయం. 2018 అక్టోబరు నుంచి కార్యకర్తకి 4,500, ఆయాకి 2,250 అని నిర్ణయించి, అందులోనూ రాష్ట్రంతో 60:40గా పంచుకుంది. మధ్యాహ్న భోజనం వండే స్త్రీకి 2009లో నెలకి 1,000 రూపాయిలు అన్నారు. అదీ ఏడాదిలో పది నెలలకే. ఆ వెయ్యి ఆ తర్వాత పదిహేనేళ్లు కదలలేదు. ఆ పదిహేనేళ్లలో ఇదే కేంద్రం తన ఉద్యోగుల కోసం వాడే ధరల సూచీ రెట్టింపు దాటిపోయింది. పిల్లలకి వండే అన్నంలోకి కందిపప్పు ధర పెరిగిందని ప్రభుత్వానికి తెలుసు, వంట సరుకుల కేటాయింపుల్లో అప్పుడప్పుడూ దాన్ని సవరిస్తుంది కూడా. వండే మనిషి ఇంట్లో అదే కందిపప్పు ఉడకాలన్న సంగతి మాత్రం గుర్తు రాదు.

2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు సమ్మెకి దిగినప్పుడు వాళ్ల కోర్కెల వెనక ఉన్నది ఈ లెక్కే. కనీస వేతనం, గ్రాట్యుటీ అడిగారు. సమ్మె ఆరు వారాలు నడిచింది. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవల నిర్వహణ చట్టం! జీతం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద సేవకులన్నారు. పని ఆపితే మీది అత్యవసర సేవ, ఆపడానికి వీల్లేదన్నారు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనగలగడమే పితృస్వామ్యం. ఇంట్లో ఆడది ఒక పూట పొయ్యి వెలిగించకపోతే ఇల్లు తలకిందులవుతుంది, వెలిగించిన అన్ని రోజులూ ఆమె 'ఊరికే ఇంట్లో ఉంటుంది'. రాజ్యం ఇంటి నుంచి నేర్చుకున్న తర్కం ఇది.

కోర్టులు కూడా ఈ చిక్కుముడిని సగమే విప్పాయి. 2006లో సుప్రీంకోర్టు అమీర్‌బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలవి సివిల్ పోస్టులు కావని తేల్చింది. 2022 ఏప్రిల్ 25న, గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో, అదే సుప్రీంకోర్టు వాళ్లకి 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని, వాళ్లకి ఇచ్చేది ఆ చట్టం కింద వేతనమేనని చెప్పింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐ.సి.డి.ఎస్.కి యాభై ఏళ్లు నిండాయి. అర్ధ శతాబ్దం పాటు నడిచిన పథకాన్ని తాత్కాలికమనీ, అందులో పనిని సేవ అనీ ఇంకా ఎన్నాళ్లు అంటారు?

ఇదంతా అధికారుల నిర్లక్ష్యం వల్ల జరిగిందనుకుంటే సగం నిజమే. లోపం కొలబద్దలోనే ఉంది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు అవసరాల మీద ఆధారపడ్డ కనీస వేతనానికి ఒక సూత్రం చేసింది. సంపాదించే వ్యక్తి ఒకరు, మొత్తం కుటుంబం మూడు వినియోగ యూనిట్లు. ఆడవాళ్ల, పిల్లల సంపాదన లెక్కలోకి తీసుకోకూడదు. ఒక్క మగవాడి జీతంతో కుటుంబం బతకగలగాలి, ఇంట్లో అందరినీ పనికి పంపే పరిస్థితి రాకూడదు అన్నది అప్పటి ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. కానీ మూడు యూనిట్లు ఎలా వచ్చాయో చూడండి. భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు 0.6 చొప్పున. దాదాపు అరవై ఏళ్ల తర్వాత ఏడవ వేతన సంఘం కేంద్రంలో కనీస వేతనం 18,000గా నిర్ణయించినప్పుడు కూడా ఇదే లెక్క వాడింది.

మనిషిలో అయిదో వంతు కోసేసిన ఈ 0.8 మన జీతాలన్నింటి పునాదిలో ఉంది. ఆమె ఉద్యోగం చేసినా, పొలంలో వంగి నాట్లు వేసినా, గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా లెక్కలో ఆమె 0.8. ముసలి తల్లిదండ్రులకి ఆ లెక్కలో చోటే లేదు. వాళ్లని చూసుకునే పని ఎటూ ఆ 0.8 మనిషిదే. ఇలాంటి కుటుంబాన్ని ఊహించుకుని కట్టిన జీతం మీద, 88 పారిశ్రామిక కేంద్రాల బజార్లలో కొలిచిన ధరలతో డి.ఎ. లెక్కిస్తారు. కోనసీమ ఊళ్లేవీ ఆ కేంద్రాల్లో లేవు. అందులో ఆహార పానీయాల వాటా 2001 ఆధారం మీద 46 శాతానికి పైగా ఉండేది, 2016 ఆధారం మీద 39.17 శాతానికి తగ్గింది. సంపాదన తక్కువైన కొద్దీ తిండి మీద పెట్టే వాటా ఎక్కువవుతుంది. 11,500తో ఇల్లు గడిపే మనిషి బుట్ట ఆ సగటు బుట్ట కాదు. బియ్యం, నూనె, కూరగాయలు పెరిగినప్పుడు సూచీ చూపించిన దాని కంటే ఎక్కువ దెబ్బ ఆమెకి తగులుతుంది.

మనకి ఎదురయ్యే అభ్యంతరాలు తెలిసినవే. మొదటిది, ఖజానాలో డబ్బు లేదు. డబ్బు లేనప్పుడు ఎవరికి ముందు ఆపాలన్నది ప్రతి ప్రభుత్వమూ చేసే ఎంపిక. 3.64 శాతం పెంపు రాష్ట్రంలో కనీస మూల వేతనం 20,000 మీద 728 రూపాయిలు అవుతుంది. గరిష్ఠ మూల వేతనం 1,79,000 మీద 6,516 అవుతుంది. గౌరవ వేతనం మీద సున్నా అవుతుంది. కష్టకాలంలో కోత కింద నుంచి కాకుండా పైనుంచి మొదలుపెట్టవచ్చు. ఇది ఊహాలోకపు మాట కాదు. నాలుగో వేతన సంఘం కింద కేంద్ర ఉద్యోగులకి తక్కువ జీతాల మీద ధరల పెరుగుదలని నూటికి నూరు శాతం, మధ్య స్థాయి వాళ్లకి 75 శాతం, పై స్థాయి వాళ్లకి 65 శాతం భర్తీ చేసేవారు. అయిదో వేతన సంఘం తర్వాతే అందరికీ నూరు శాతం అయింది. కింది వాళ్లకి ముందు పూర్తిగా అన్న సూత్రం మన దేశంలోనే నడిచింది.

రెండో అభ్యంతరం మన మధ్యలోంచే వస్తుంది. డి.ఎ. అందుకునే ఉద్యోగినులు మధ్యతరగతి వాళ్లు, వాళ్ల రేవు ఖర్చుల గురించి మాట్లాడితే పేద స్త్రీల సమస్య పక్కకి పోతుంది కదా అని. ఈ అనుమానంలో నిజం లేకపోలేదు. ఉద్యోగ సంఘాల వేదికల మీద అంగన్‌వాడీల మాట ఎంత తక్కువగా వినపడుతుందో మనకి తెలుసు. అయినా ఈ రెంటినీ విడదీయడం ప్రభుత్వానికే లాభం. ఏఎన్ఎమ్, ఆశా కార్యకర్త ఒకే పడవలో లంకలోకి వెళ్తారు. ఒకామె జీతానికి డి.ఎ. ఉంది, దూరానికి లెక్క లేదు. ఇంకొకామెకి రెండూ లేవు. పడవ ఒకటే అయినప్పుడు సూత్రం ఒకటే కావాలి. ధర పెరిగితే ప్రతిఫలం పెరగాలి, పని దూరమైతే ఆ దూరానికి ప్రతిఫలం ఉండాలి. ఏ పేరుతో ఇస్తున్నా సరే.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా చెప్పుకుందాం. గౌరవ వేతనం, పారితోషికం, ఏ పేరుతో ఇచ్చినా ప్రభుత్వ పనికి ఇచ్చే ప్రతి నెలసరి చెల్లింపునీ ధరల సూచీతో ముడిపెట్టాలి. జనవరి, జులై వచ్చేసరికి సమ్మె అవసరం లేకుండా అది పెరగాలి. ఇది ఉద్యోగుల హోదా కోసం, కనీస వేతనం కోసం జరిగే పోరాటానికి బదులు కాదు, అది తెగేలోగా కోత ఆపడానికి. దుర్గమత్వాన్ని పటం మీద రంగుతో కాక పోస్టు చేసే ప్రయాణంతో కొలవాలి. ఏరు, వరద, రాత్రి ప్రయాణం, ప్రసూతి వైద్యం దొరికే దూరం, పిల్లల బడి దూరం అందులో ఉండాలి. స్థానికులన్న కారణంతో గిరిజన కార్యకర్తలకి ఆ భత్యం నిరాకరించకూడదు. ఆలస్యమైన విడతలకి వడ్డీ ఇవ్వాలి. వేతన లెక్కల్లో స్త్రీని నిండు మనిషిగా, 1గా లెక్కించాలి. జాతీయ కనీస వేతనం మీద వేసిన నిపుణుల కమిటీయే మూడు యూనిట్లు చాలవని 2019లో 3.6 సూచించింది. కనుక ఆ పాత అంకె దైవాజ్ఞ ఏమీ కాదు.

ఇవి అడగడానికి సమయం కూడా ఇదే. 2025 నవంబరులో కేంద్రం ఎనిమిదో వేతన సంఘాన్ని ఏర్పాటు చేసి 18 నెలల గడువు ఇచ్చింది. దానికి అధ్యక్షురాలు జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్. అధ్యక్ష స్థానంలో స్త్రీ ఉన్నంత మాత్రాన 0.8 దానంతట అది 1 కాదు. ఎవరో ఒకరు మహజరు పెట్టాలి. అక్కడ ఏ కుటుంబాన్ని నమూనాగా తీసుకుంటారో రేపు రాష్ట్రాల వేతన సంఘాలూ అదే చూస్తాయి. ఉద్యోగ సంఘాల మహజర్లు ఎటూ వెళ్తాయి. మహిళా సంఘాల నుంచి వెళ్లేవి ఎన్ని?

మహజరుకి బలం లెక్కలతో వస్తుంది. ఆ లెక్కలు లేబర్ బ్యూరో దగ్గర లేవు, మన ఊళ్లలో ఉన్నాయి. ఈ సంచిక అందుకున్న ప్రతి సంఘం తన మండలంలో నలుగురితో, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, ఒక ఆశా కార్యకర్త, ఒక ఏఎన్ఎమ్, ఒక టీచరుతో, ఒక్క నెల ఖర్చుల పుస్తకం రాయించండి. బియ్యం, గ్యాస్ బండ, పిల్లల ఫీజులతో పాటు ఆటో చార్జీ, రేవు టిక్కెట్టు, పోషణ్ ట్రాకర్ నింపడానికి వేయించుకున్న ఫోన్ రీచార్జి, కేంద్రానికి బిల్లు వచ్చేలోగా చేతి నుంచి పెట్టిన కూరగాయల డబ్బులు, చీకటి పడ్డాక తోడుకి పిలిచిన మనిషికి ఇచ్చిన పెట్రోలు ఖర్చు కూడా రాయించండి. పేర్లు అక్కర్లేదు, ఊరు, పోస్టు, తేదీ చాలు. కొండ మీది మండలం నుంచి, లంక మండలం నుంచి, మెట్ట మండలం నుంచి వచ్చిన పుస్తకాలు పక్కపక్కన పెడితే దూరం అంటే ఏమిటో, కరువు అంటే ఏమిటో మనం చెప్పనక్కర్లేదు. ఆ పుస్తకాలే చెబుతాయి.